ఉపగ్రహ మార్గదర్శక యంత్రాలు - మన కర్తవ్యం

(టాటానగర్ బర్మామైన్స్‌లో జరిగిన రైల్వే, తపాలా ఉద్యోగుల శిక్షణ తరగతిలో సమాఖ్య కార్యవర్గ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



బర్మామైన్స్‌లో తెలుగులో ప్రసంగించడానికి నేను ఎవరినీ అనుమతి కోరనవసరం లేదు. ఈ స్టేషను చుట్టుపట్ల బస్తీలలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల మాట తరతరాలుగా వినిపిస్తూనే ఉన్నది. ఒకప్పటి కాలిమాటి స్టేషను 1919లో టాటానగర్ అయినది. ఆనాటి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచినవారిలో అగ్రగణ్యులు మన వి.వి.గిరిగారు. 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేవరకు మా వాల్తేరు డివిజను, మీ చక్రధర్‌పూర్ డివిజను ఒకే ఆగ్నేయ రైల్వేలో ఉండేవి. కాబట్టి నేను పరాయి ఊరికి రాలేదు.

నేటి మన అంశం చేతిలో పట్టుకొనే చిన్న కంప్యూటర్లు, వాటిలో ఉపగ్రహాల సహాయంతో స్థానాన్ని చూపే సాఫ్ట్‌వేరు. లోకో పైలట్ బల్లపై ఒకటి, కీమన్ నడుముకు ఒకటి, పోస్టుమన్ చేతిలో ఒకటి కనిపిస్తున్న రోజులివి. వీటిని చూచి భయపడనవసరం లేదు, మురిసిపోనవసరమూ లేదు. ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. ఈ యంత్రానికి మన జాడ తెలుసు. ఆ సంగతిని అది ఎవరికి చెబుతున్నది?

యంత్రం పనిచేయు విధానం

ముందు యంత్రాన్ని అర్థం చేసుకొందాం. అర్థంకాని దానితో బేరమాడలేము.

అమెరికా వారి జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నవి. ప్రతి ఉపగ్రహమూ తనలోని అణు గడియారం ప్రకారం కాలాన్ని ప్రకటిస్తూ ఉంటుంది. ఆ సంకేతం మన చేతిలోని యంత్రాన్ని చేరడానికి సెకనులో పదిహేనవ వంతు పడుతుంది. ఎంత ఆలస్యమైనదో లెక్కిస్తే ఎంత దూరమో తెలుస్తుంది. ఆ లెక్కలో ఒక సెకనులో పది లక్షలవ వంతు తప్పితే 300 మీటర్లు తప్పినట్లే. మన యంత్రంలోని గడియారం చవక గడియారం గనుక, దాని తప్పును కూడా సరిచేయడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడవలెను.

మన దేశానికి సొంత వ్యవస్థ కూడా కలదు. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుండి లేచినది. 2016లో ఆ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టినారు. మన శాస్త్రజ్ఞుల కృషి గర్వకారణమే. అయితే ఆ మొదటి ఉపగ్రహంలోని మూడు అణు గడియారాలూ తరువాతి కాలంలో విఫలమైనవి. 2025 జనవరి 29న ప్రయోగించిన ఎన్.వి.ఎస్.-02 ఉద్దేశించిన కక్ష్యను చేరలేదు. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆకాశంలోని గడియారమైనా యంత్రమే, యంత్రం తప్పవచ్చునని గుర్తు చేయడానికి చెబుతున్నాను.

ఆరుబయట, నిర్మలమైన ఆకాశం కింద మామూలు ఫోను స్థానాన్ని సుమారు 5 మీటర్ల తేడాతో చూపగలదు. రైల్వే సోదరులు ఒక్క క్షణం ఆలోచించండి. అప్ లైనుకు, డౌన్ లైనుకు మధ్య దూరం కూడా సుమారు అంతే. అనగా మనిషి ఏ లైనుపై ఉన్నాడో మామూలు యంత్రం ఖాయంగా చెప్పజాలదు. లోతైన కటింగులో, దట్టమైన చెట్ల కింద తేడా పెరుగుతుంది. గోయిల్‌కేరా, పొసోయితా మధ్య సారండా సొరంగంలోకి వెళితే ఉపగ్రహం కనబడనే కనబడదు.

పొగమంచులో తోడు

ఇప్పుడు మేలు చేసే యంత్రం సంగతి. పొగమంచు పట్టిన రాత్రి బండి నడపడం ఎట్టిదో నడిపినవారికే తెలుసు. సిగ్నలు ఎదుటికి వచ్చేదాకా కనిపించదు. పూర్వం మొదటి స్టాప్ సిగ్నలుకు 270 మీటర్ల ముందు, పట్టాలపై పది మీటర్ల ఎడంతో రెండు డిటోనేటర్లు పెట్టేవారు. చలిలో రాత్రంతా కాచుకొని కూర్చున్న మనిషి పెట్టిన ఆ పటాకాల చప్పుడే డ్రైవరుకు కబురు. ఆ పద్ధతి నియమావళిలో నేటికీ ఉన్నది.

దానికి తోడుగా ఫాగ్ పాస్ అనే యంత్రం వచ్చినది. బ్యాటరీతో సహా కిలోన్నర బరువుకు మించదు. ఒకసారి చార్జి చేస్తే 18 గంటలు పనిచేస్తుంది. 160 కిలోమీటర్ల వేగం వరకు పనికివస్తుంది. రాబోయే మూడు గుర్తుల పేర్లు, అనగా సిగ్నలు, లెవెల్ క్రాసింగు గేటు, శాశ్వత వేగ నిబంధన వంటివి తెరపై చూపుతుంది. సుమారు 500 మీటర్ల ముందుగా గొంతుతో కూడా హెచ్చరిస్తుంది. 2023-24 శీతాకాలానికి దేశమంతటా 19,742 యంత్రాలు ఏర్పాటు చేసినట్లు రైల్వే శాఖ ప్రకటించినది. అందులో మన ఆగ్నేయ రైల్వేకు 2,955, దక్షిణ మధ్య రైల్వేకు 1,120.

ఈ యంత్రం తనకు తెలిసినది కార్మికునికి చెబుతున్నది. "ఇదిగో, సిగ్నలు దగ్గరికి వచ్చినది" అంటున్నది. అందుచేత మనం దీనిని మనసారా ఆహ్వానిస్తున్నాము.

అయితే ఈ యంత్రానికి సిగ్నలు ఎక్కడ ఉన్నదో తెలుసు గాని, ఎరుపో పసుపో తెలియదు. పైగా ఆ సిగ్నలు ఎక్కడ ఉన్నదో దానికి నేర్పినది ఉపగ్రహం కాదు. సెక్షనులో తిరిగి ఒక్కొక్క గుర్తు స్థానాన్ని నమోదు చేసిన మనుషులు నేర్పినారు. పనుల కోసం సిగ్నలును వంద మీటర్లు జరిపి, యంత్రంలో మార్చకపోతే, అది పాత చోటనే పిలుస్తుంది. కాబట్టి దారి నేర్చుకొనే ట్రిప్పులను "యంత్రం ఉన్నది గదా" అని తగ్గించే ఏ ప్రయత్నాన్నీ మనం అంగీకరించరాదు.

పోస్టుమన్ సంచిలో

తపాలా సోదరులకు పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చినది. బీహారు, ఝార్ఖండ్ రాష్ట్రాలకు మొదటి అంకె 8. ఇక్కడ 831తో మొదలయ్యే ఆరంకెలు చూడగానే జంషెడ్‌పూర్ అని మీరు చెప్పగలరు. 2025 మే 27న తపాలా శాఖ డిజిపిన్ అనే కొత్త పద్ధతిని ప్రారంభించినది. హైదరాబాదు ఐ.ఐ.టి., ఇస్రోకు చెందిన జాతీయ దూరసంవేదన కేంద్రం దీని రూపకల్పనలో పాలుపంచుకొన్నవి. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా విభజించి, ప్రతి గడికి పది అక్షరాంకెల గుర్తు ఇచ్చినారు. కొండమీది గూడెంలో ఇంటి నంబరు లేని మనిషికి కూడా ఒక చిరునామా ఏర్పడుతుంది. ఇది మంచి పని.

కాని నాలుగు మీటర్ల గడి ఎన్నో అంతస్తు అని చెప్పదు. ఒకే గడిలో కిందివాటా, పైవాటా ఉన్నవి. రెండు వాటాలలోనూ అప్పారావులే ఉన్నారు. ఏ అప్పారావు కుమారుడు దుబాయిలో ఉన్నాడో, ఏ అప్పారావు గతేడాది కాలం చేసినాడో పోస్టుమన్‌కు తెలుసు. ఆ జ్ఞానానికి విలువ కట్టకుండా, బీటును మ్యాపు మీద కొలిచి "ఇన్ని కిలోమీటర్లకు ఇన్ని నిమిషాలు" అని తేల్చడం అన్యాయం. గేటు దగ్గర నిలిచే సమయం, మెట్లెక్కే సమయం, ముసలమ్మకు ఉత్తరం చదివి వినిపించే సమయం ఆ కొలతలో ఉండవు. గ్రామీణ డాక్ సేవకులకు దర్పణ్ పథకం కింద యంత్రాలిచ్చినారు. సంకేతం అందని ఊరిలో ఆ యంత్రం పట్టుకొని గుట్టలెక్కిన సేవకులు ఎందరో ఈ సభలోనే ఉన్నారు. ఆ సమయం కూడా ఏ లెక్కలోనూ లేదు.

కీమన్ ఆగినాడు

ఇక యంత్రం పైవారికి మాత్రమే చెప్పిన ఉదంతం ఒకటి మనవి చేస్తాను. పేర్లు అవసరం లేదు. నేను వాదించిన కేసే.

ఒక కీమన్‌కు సంజాయిషీ నోటీసు వచ్చినది. అతనికిచ్చిన ట్రాకరు రికార్డు ప్రకారం ఆ ఉదయం ఒకే చోట ముప్పావుగంట "కదలక ఉండిపోయినాడు". కూర్చున్నాడా, నిద్రపోయినాడా చెప్పమని ప్రశ్న. అతడు చదువు తక్కువ మనిషి. నోటీసు పట్టుకొని వణుకుతూ నా దగ్గరికి వచ్చినాడు. "అక్కడ ఏమి చేస్తున్నావు నాయనా?" అన్నాను. "పండ్రోల్ క్లిప్పులు ఊడి ఉన్నాయండి. వేసుకొంటూ కూర్చున్నానండి" అన్నాడు.

కీమన్ పని నడవడం కాదు, చూడడం. లోపం చూచినవాడు ఆగుతాడు. ఏమీ చూడక నడిచిపోయినవాడి రికార్డు మచ్చలేకుండా ఉంటుంది. లోపాన్ని పట్టుకొని బాగుచేసినవాడికి నోటీసు వస్తుంది! అతని చిన్న పుస్తకంలో కిలోమీటరు నంబరు, క్లిప్పుల సంఖ్య వ్రాసి ఉన్నవి. మేటు సంతకం ఉన్నది. ఆ నాలుగు పంక్తులే అతనిని కాపాడినవి. నోటీసు ఉపసంహరించుకొన్నారు. పుస్తకం లేకపోతే ఏమై ఉండేదో ఆలోచించండి.

మరొక సంగతి. లోకోలకు అమర్చిన ఆర్.టి.ఐ.ఎస్. వ్యవస్థ ఇస్రో సహకారంతో వచ్చినది. బండి ఎక్కడ ఉన్నదో ప్రతి 30 సెకన్లకు తెలియజేస్తున్నది. ట్రాకరు పుణ్యమా అని కీమన్ ఎక్కడ ఉన్నాడో తెలుస్తున్నది. బండి జాడ తెలుసు, మనిషి జాడ తెలుసు. మరి ఆ మనిషి మీదికి ఆ బండి వస్తున్నదని ఆ మనిషికి చెప్పవలసిన బాధ్యత ఎవరిది? పట్టాలపై పనిచేస్తూ బండి కిందపడి మరణించిన ట్రాక్‌మ్యాన్‌ల ఇళ్ళకు మనం ఎన్నిసార్లు వెళ్ళలేదు? వచ్చే బండిని రేడియో సంకేతంతో హెచ్చరించే రక్షక్ యంత్రం ఉన్నది. ముందు ప్రతి గ్యాంగుకు అది చేరవలెను. మనిషి ఆలస్యాన్ని పట్టుకొనే యంత్రానికంటె మనిషి ప్రాణాన్ని కాపాడే యంత్రానికి మొదటి స్థానం దక్కవలెను.

చట్టం ఏమంటున్నది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసినది. కాని ఆ చట్టం 7వ సెక్షనులో, ఉద్యోగ అవసరాల కోసమైతే ఉద్యోగి సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకొనే వీలు కల్పించినారు. కాబట్టి చట్టం తనంతట తాను మనలను కాపాడుతుందని కూర్చుంటే లాభం లేదు. చట్టం వదిలిన ఖాళీని ఒప్పందంతో నింపుకోవలెను. ఒప్పందం సంఘబలంతో వస్తుంది.

మన కోర్కెలు

1. యంత్రం ఏమేమి నమోదు చేస్తున్నది, ఎన్ని రోజులు భద్రపరుస్తారు, ఎవరు చూడవచ్చును అన్నది లిఖితపూర్వకంగా, ఉద్యోగికి అర్థమయ్యే భాషలో ఇవ్వవలెను.

2. కేవలం యంత్రం రికార్డు ఆధారంగా ఎవరిపైనా క్రమశిక్షణ చర్య తీసుకోరాదు. రికార్డు నకలు ఉద్యోగికి ఇవ్వవలెను. అతని వ్రాతపుస్తకాన్ని దానితో సమానమైన సాక్ష్యంగా పరిగణించవలెను.

3. డ్యూటీ దిగగానే నమోదు ఆగిపోవలెను.

4. యంత్రం, డేటా, బ్యాటరీ, మరమ్మతు ఖర్చులు శాఖవే. సొంత ఫోనులో ఎక్కించుకొమ్మని బలవంతపెట్టరాదు.

5. శిక్షణ డ్యూటీ వేళలోనే జరగవలెను. సిగ్నలు జరిపిన ప్రతిసారీ యంత్రంలోని సమాచారం మార్చినట్లు ధ్రువీకరించిన తరువాతనే లోకో పైలట్‌కు ఇవ్వవలెను.

6. ట్రాకరు ఇచ్చే ప్రతి చోటా బండి రాక హెచ్చరిక యంత్రం కూడా ఇవ్వవలెను.

మన బాధ్యత

కోర్కెలతో పాటు మన వంతు పని కూడా ఉన్నది. యంత్రాన్ని తీసుకొనేటప్పుడు పనిచేస్తున్నదో లేదో చూడకుండా సంతకం పెట్టకండి. ఆరుబయట కొద్ది నిమిషాలు ఉంచి, స్థానం చూపిన తరువాతనే బయలుదేరండి. ఫాగ్ పాస్‌లో మీ సెక్షను, మీ దిశ సరిగా ఎంచుకొన్నదీ లేనిదీ మొదటి స్టేషనులోనే పరీక్షించండి. అది చూపే దూరాన్ని కిలోమీటరు రాళ్ళతో పోల్చుకోండి. తప్పు చూపితే రిజిస్టరులో వ్రాయండి, నోటిమాటతో వదిలిపెట్టకండి. కీమన్ సోదరులారా, పోస్టుమన్ సోదరులారా, చొక్కా జేబులో ఒక చిన్న పుస్తకం, ఒక పెన్సిలు ఉంచుకోండి. ఎక్కడ ఆగినారో, ఎందుకు ఆగినారో ఒక్క పంక్తి వ్రాయండి. వ్రాయడం రానివారికి ప్రక్కవారు వ్రాసిపెట్టండి. సంఘం అంటే అదే.

1946లో తపాలా కార్మికులు, 1974 మే నెలలో రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు ఇటువంటి యంత్రాలు లేవు. అయినా నాటి ప్రశ్న నేటి ప్రశ్నే. మనిషి పని గంటను ఎవరు కొలవవలెను, ఏ కొలతతో కొలవవలెను? 1974లో లోకో సిబ్బంది పని గంటల కోసం పోరాడినారు. నేడు నిమిషాలను, మీటర్లను ఉపగ్రహం లెక్కిస్తున్నది. లెక్కను మనం కాదనడం లేదు. ఆ లెక్క పుస్తకం మనకు కూడా చూపమంటున్నాము.

తరగతి ముగియగానే బ్రాంచి కార్యదర్శులు ఈ ఆరు కోర్కెలను తీర్మానంగా వ్రాసి, మీ మీ శాఖలలో సంతకాలు సేకరించి పంపవలసినదిగా కోరుతున్నాను. ఆ కీమన్ వంటి మనిషి వణుకుతూ సంఘం ఆఫీసు మెట్లు ఎక్కకముందే ఒప్పందం మన చేతిలో ఉండవలెను.

సెలవు.