తయారీ ఆగిన మరకుక్కకు పనిముట్లు ఎవరివి?

(వెంకటమ్మనహళ్లి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరివారికి కుక్కల గురించి చెప్పడానికి న్యాయవాది అక్కరలేదు. నేను చెప్పబోయేది జపానులో పుట్టిన మరకుక్క వృత్తాంతం. సోనీ సంస్థ 1999లో ఐబో అనే రోబో కుక్కను అమ్మకానికి పెట్టగా, జపానులో తొలి 3,000 ఇరవై నిమిషాల్లో చెల్లిపోయాయి.

ఐబోపెట్ అనే మారుపేరుగల ఔత్సాహికుడొకడు దాని సాఫ్ట్‌వేర్ గుట్టు విప్పి, దానిచేత నాట్యం చేయించే ప్రోగ్రాములు రాసి తోటివారికి పంచాడు. 2001లో సోనీ అమెరికా కాపీరైటు చట్టాన్ని చూపి అభ్యంతరం చెప్పింది. కొన్నవారు తిరగబడ్డారు, సంస్థ వెనక్కి తగ్గింది. 2002లో ఓపెన్-ఆర్ అనే ప్రోగ్రాము రచనా పరికరాలను, వ్యాపారేతర వినియోగానికి, ఉచితంగా విడుదల చేసింది. అవి సామాన్యునికి కొరుకుడుపడేవి కావు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారు వాటిపై టెక్కోట్సు అనే చట్రాన్ని నిర్మించి, మూలసంకేతంతో సహా లోకానికిచ్చారు. నడక, చూపు వంటివాటిని విద్యార్థి మొదటినుంచి రాసుకొనే బాధ తప్పింది.

2006లో ఐబో తయారీ, 2014లో మరమ్మతు సేవ ఆగిపోయాయి. 2015 నుంచి కోఫుకుజి ఆలయంలో చచ్చిన ఐబోలకు అంత్యక్రియలు జరిగాయి. నవ్వకండి, వాటి విడిభాగాలే మరికొన్నింటికి ప్రాణం పోశాయి. మూలసంకేతం బయట ఉన్నందున టెక్కోట్సు మాత్రం ఇతర రోబోలకు వలసపోయి బతికింది. పాత తెలుగు ఖతులతో కూర్చిన దస్త్రాలను తెరవలేక తంటాలుపడిన పత్రికలవారికి ఈ తేడా వివరించనక్కరలేదు.

మన చట్టం ఏమంటుంది? 1957 నాటి కాపీరైటు చట్టం 52(1)(ఏబి) ప్రకారం, న్యాయంగా మన వద్ద ఉన్న ప్రోగ్రాముతో మనం స్వతంత్రంగా రాసిన ప్రోగ్రామును పొసగించేందుకు అవసరమైన సమాచారం మరోచోట సులువుగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టుకోవడం ఉల్లంఘన కాదు. 2012లో చేర్చిన 65ఏ సెక్షను డిజిటల్ తాళాలు తెరవడాన్ని శిక్షార్హం చేసినా, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉన్నప్పుడే. అయితే తాళంచెవి ఇచ్చి తీరాలని తయారీదారును ఈ సెక్షన్లు ఒత్తిడి చేయవు. ఆ మాట ఒప్పందంలోనే రాయించుకోవాలి.

2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల ద్వారా దేశంలోని బడులకు రోబో సామగ్రి చేరుతోంది. మన పిల్ల "ఇటు రా" అంటే రోబో తెలుగులో అర్థం చేసుకొని రావాలంటే, దానికి ఆ మాట నేర్పే పనిముట్లు పిల్ల చేతిలో ఉండాలి. బడి ఎస్.డి.ఎం.సి.లో కూర్చునే తల్లిదండ్రులారా, కొనుగోలు కాగితంపై సంతకానికి ముందే అడగండి: తయారీ ఆగిననాడు మూలసంకేతం ఎవరికిస్తారు, ఎన్నాళ్లలో?