పెద్దప్రేగులో కంటికి చిక్కని కంతులు

(ఆరణి తెలుగు కుటుంబముల ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది పచ్చడి నాలుకపై నుండగనే ప్రేగుల ప్రసంగ మేమిటని మీ రనుకొనవచ్చును. సిగ్గుచేత దాచిన రోగమే మనకు ఎక్కువ చేటు చేయును. అందుచేతనే ఈ విషయము నెత్తుకొంటిని.

పెద్దప్రేగు పొడవు సుమారు 5 అడుగులు. దాని లోపలి పొరపై కొందరికి చిన్న కంతులు లేచును. వానిలో పెక్కు నిరపాయకరములు. కొన్ని మాత్రము సాధారణముగా 10 సంవత్సరములో, అంతకు మించియో గడచిన పిమ్మట క్యాన్సరుగా మారును. ఆ లోపల తీసివేసినచో ఆ ముప్పు తప్పును. 1969లో న్యూయార్కున వుల్ఫ్, షిన్యా అను వైద్యులు పొట్ట కోయకుండ, గొట్టము ద్వారా తీగ ఉచ్చుతో కంతిని తీయు పద్ధతిని నెలకొల్పిరి.

కాడతో పుట్టగొడుగువలె నిలచు కంతి సులభముగ కనబడును. చదునుగా పరచుకొన్నది అట్లు కాదు. ప్రేగు రంగే దాని రంగు. పైన జిగురు తెర. తరచు కుడివైపున, మడతల చాటున నుండును. అంతగా రక్తము స్రవింపదు గనుక మలపరీక్షకు కూడ చిక్కకపోవచ్చును.

దానిని పట్టుటకు ఉపాయములు గలవు. మొదటిది మన చేతిలోనిదే: విరేచనపు మందును చెప్పినట్లు పూర్తిగా త్రాగుట. వాకిలి ఊడ్వక ముగ్గు పెట్టలేము గదా! రెండవది వైద్యుని ఓర్పు: గొట్టమును వెలికి తీయునపుడు కనీసము 6 నిమిషములు పరికింపవలెను. మూడవది రంగు: ఇండిగో కార్మైను చల్లినచో పల్లములలో నిలిచి కంతి అంచును చూపును. ఒకప్పుడు నెల్లూరు, కడప సీమలలో పండిన నీలిమందునకు ఇది చుట్టమే. అనుమానపు చోటును తెరపై గురుతుపెట్టు కంప్యూటరునకు 2021లో అమెరికా అనుమతి నిచ్చినది.

మలములో రక్తము కనబడిన మూలశంక యని సరిపెట్టుకొనకుడు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి వచ్చియుండిన, 40వ ఏటనో, వారికి బయటపడిన వయసునకు 10 ఏండ్లు ముందో, ఏది ముందైన నప్పుడే పరీక్షకు పోవలెను. 1954లో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో అడయారున వెలసిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మనకు దూరము కాదు.

మన చిక్కంతయు ఇచటనే యున్నది. ఆరణియారు ఆంధ్రదేశమున పుట్టి ఇటు పారినట్లే మన కుటుంబములును చెదరి వచ్చినవి. నెల్లూరిలో పెదనాన్నకు వచ్చిన జబ్బు ఇచట తమ్ముని పిల్లలకు తెలియదు. కావున ఈ పండుగ పలకరింపులలో, మన వంశమున ఈ వ్యాధి ఎవరికైన వచ్చినదా యని అడుగుడు. మీకే కంతి తీసియుండిన, దాచక తోబుట్టువులకు తెలుపుడు. ఆ కబురు వారికి కట్నములకన్న మేలైన కానుక.