చేతిలో ఇమిడే పుస్తకం: హాంబర్గ్ నుంచి బందరు దాకా



స్నాతకోత్సవాల్లో మామూలుగా శాస్త్రవేత్తల గురించో, పెద్ద పెద్ద కంపెనీలు పెట్టినవారి గురించో చెబుతారు. ఈ రోజు కథ ఒక పుస్తక ప్రచురణకర్తది. ఆయన పేరు కర్ట్ ఎనోక్. 1895లో జర్మనీలోని హాంబర్గ్ రేవు పట్నంలో పుట్టారు. ఆయన రచయిత కారు. పుస్తకం ఏ సైజులో ఉండాలి, ఎంతకు అమ్మాలి, ఎక్కడ దొరకాలి అని ఆలోచించడమే ఆయన పని. అదే ఆలోచనతో జీవితం గడిపినవారు మన బందరులోనూ, బెజవాడలోనూ ఉన్నారు. వాళ్ళ దగ్గరికీ వద్దాం.

ఎనోక్ కుటుంబానికి హాంబర్గ్‌లో పుస్తకాల వ్యాపారం ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి ఇంటికి తిరిగొచ్చాక, ఆ బాధ్యత ఆయన మీద పడింది. నవలాకారుడు థామస్ మన్ కొడుకు క్లాస్ మన్ ఇరవై ఏళ్ళన్నా నిండకముందు రాసిన మొదటి నవలను అచ్చు వేసింది ఈ సంస్థే. ఎవరూ ఎరగని కుర్రవాడి రాతప్రతి మీద సొంత డబ్బు పెట్టడమంటే చిన్న సంగతి కాదు. రచయితకు మహా అయితే పేరు పోతుంది. ప్రచురణకర్తకు కాగితం అప్పు మిగులుతుంది.

1932లో జాన్ హాల్‌రాయిడ్ రీస్, మాక్స్ వెగ్నర్ అనే మరో ఇద్దరితో కలిసి ఎనోక్ ఆల్బట్రాస్ అనే పుస్తక శ్రేణి మొదలుపెట్టారు. యూరప్ అంతా తిరిగే ప్రయాణికుల కోసం ఇంగ్లీషు పుస్తకాలు వేయడం వాళ్ళ ఉద్దేశం. ఆల్బట్రాస్ అంటే సముద్రాల మీద ఎగిరే పెద్ద పక్షి. యూరప్‌లో చాలా భాషల్లో దాని పేరు దాదాపు ఒకటే, కాబట్టి ఏ దేశం స్టేషన్‌లో దిగినవాడైనా నోరు తిరిగి అడగగలడు. పేరు పెట్టడంలోనే అమ్మకం సంగతి ఆలోచించారు.

ఇక ఆ పుస్తకాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పొడవు 181 మిల్లీమీటర్లు, వెడల్పు 111. మన లెక్కలో ఏడంగుళాలకు కాస్త పైన, నాలుగంగుళాలకు కాస్త పైన. కోటు జేబులో పడుతుంది. ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రైలు కమ్మీ పట్టుకుని చదువుకోవచ్చు. అట్ట మీద బొమ్మ లేదు. ఏ రకం పుస్తకమో చెప్పడానికి రంగు ఉంది, నవలకొకటి, డిటెక్టివ్ కథకొకటి. అక్షరాల పొందిక చూసింది హాన్స్ మార్డర్‌స్టైగ్ అనే అచ్చు కళాకారుడు. చవక పుస్తకమైనంత మాత్రాన చవకబారుగా ఉండనక్కరలేదని ఆ పేజీలు చూస్తేనే తెలుస్తుంది.

మూడేళ్ళ తర్వాత, 1935లో, లండన్‌లో ఆలెన్ లేన్ పెంగ్విన్ పుస్తకాలు మొదలుపెట్టారు. అదే సైజు, రంగుల పద్ధతీ అదే, పేరుకు ఒక పక్షి. ఒక్కో పుస్తకం ఆరు పెన్నీలు. లోకం పెంగ్విన్‌ని గుర్తుపెట్టుకుంది, ఆల్బట్రాస్‌ని మరిచిపోయింది.

ఎనోక్ యూదు. హిట్లర్ పాలనలో ఆయన జర్మనీలో ఉండే వీలు లేకపోయింది. తాను కట్టుకున్న సంస్థలో వాటా వదులుకుని 1936లో పారిస్ వెళ్ళారు. అక్కడ మళ్ళీ పుస్తకాల పంపిణీ మొదలుపెట్టారు. 1940లో జర్మన్ సేనలు ఫ్రాన్స్‌లోకి వచ్చేసరికి అదీ పోయింది. ఆ ఏడే అమెరికా చేరారు. అప్పటికి వయసు దాదాపు 45. భాష పరాయిది, ఊరు పరాయిది, చేతిలో ఉన్నదల్లా పని తెలిసిన అనుభవం. న్యూయార్క్‌లో పెంగ్విన్ అమెరికా శాఖలో చేరి, కొన్నేళ్ళకు దానికి అధిపతి అయ్యారు. 1948లో విక్టర్ వైబ్రైట్‌తో కలిసి న్యూ అమెరికన్ లైబ్రరీ అనే సొంత సంస్థ పెట్టారు. సిగ్నెట్, మెంటర్ అనే పేర్లతో వచ్చిన పాకెట్ పుస్తకాలు వాళ్ళవే. పాతిక సెంట్లకు ఫాక్నర్ నవల, జార్జ్ ఆర్వెల్ నవల, తత్త్వశాస్త్రం, మానవశాస్త్రం. అవి పుస్తకాల షాపుల్లోనే కాదు, మందుల షాపుల్లో, బస్టాండుల్లో, పత్రికలు అమ్మే కొట్లలో దొరికేవి. అమెరికాలో పుస్తకాల షాపన్నది లేని ఊళ్ళు చాలా ఉండేవి. పత్రికల కొట్టు లేని ఊరు మాత్రం అరుదు. ఎనోక్ ఆ దారి పట్టుకున్నారు.

ఆయన వదిలి వచ్చిన జర్మనీలో యుద్ధం అయ్యాక కాగితానికి కరువు, బైండింగుకు గుడ్డ లేదు. హాంబర్గ్‌లోని రోవోల్ట్ సంస్థ 1946లో నవలల్ని దినపత్రికల రోటరీ యంత్రం మీద, న్యూస్‌ప్రింట్ మీద వేసింది. వెల యాభై ఫెనిగ్‌లు. బాంబుల దెబ్బకు కూలిన ఇళ్ళ మధ్య కూర్చుని జనం ఆ నవలలు చదివారు.

ఇప్పుడు మన కాలవ గట్లకు వద్దాం.

1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశపు మొదటి గ్రంథాలయ మహాసభ జరిగింది. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. దాని వెనక నిలిచి పనిచేసినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. ఊరూరా గ్రంథాలయం పెట్టాలన్న ఉద్యమం అక్కణ్ణుంచి ఊపందుకుంది. 1935లో, అంటే లండన్‌లో పెంగ్విన్ పుట్టిన ఏడే, తెనాలి దగ్గర పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలవలో పడవ గ్రంథాలయం నడిపించారు. ఆ రోజుల్లో పడవ ప్రయాణమంటే గంటల తరబడి కూర్చోవడమే. గట్టు మీద మనుషులు తాడు లాగుతుంటే పడవ సాగేది. ప్రయాణికుడికి చేతి నిండా తీరికే. ఆ తీరికలో పుస్తకం పెట్టారు నాగభూషణంగారు. పాఠకుడు ఎక్కడ ఖాళీగా కూర్చుంటాడో పసిగట్టడంలో రైల్వే స్టేషన్‌లో పుస్తకం పెట్టినవాళ్ళ ఆలోచన ఆయన ఆలోచనను ఏమాత్రం మించినది కాదు.

బందరులో ఎం. శేషాచలం అండ్ కంపెనీ ఉండేది. ఆ పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలు ఎం, ఎస్, కో. వాటిని కలిపి పలికితే ఎమెస్కో. ఈ సంస్థను నడిపిన ఎం.ఎన్.రావుగారు తెలుగులో పాకెట్ పుస్తకాలకు ఒక ఒరవడి తెచ్చారు. ఇంటింటా గ్రంథాలయం అనే పథకం పెట్టి, సభ్యులుగా చేరినవారికి తక్కువ ధరకు పుస్తకాలు పోస్టులో ఇంటికే పంపించారు.

ఆ పోస్టు సంగతి దగ్గరగా చూడాలి. 1960లలో కృష్ణా జిల్లా పల్లెటూళ్ళో ఉన్న ఇల్లాలు పుస్తకం కొనాలంటే ఎవరో ఒక మగవాళ్ళు బెజవాడకో, గుడివాడకో వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళకు షాపు దొరకాలి, పేరు గుర్తుండాలి. పోస్టుమాన్ ఆ అడ్డంకులన్నీ తీసేశాడు. గోధుమరంగు కాగితం చుట్టిన కట్ట నేరుగా గడపలోకి వచ్చింది. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' నవల అంత మంది ఆడవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిందంటే, అందులో ఆమె కథనానిది సింహభాగం. ఆ చిన్న సైజు పుస్తకానికీ వాటా ఉంది. వంటింటి అలమరలో ఉప్పు డబ్బా పక్కన పట్టే పుస్తకం అది.

ఎమెస్కో నవలలతోనే ఆగలేదు. సంప్రదాయ సాహితి పేరుతో మనుచరిత్ర, వసుచరిత్ర లాంటి ప్రబంధాలను పీఠికలతో సహా చేతిలో ఇమిడే సైజులో వేశారు. ఎనోక్ ఒక చేత్తో నవలల సిగ్నెట్, మరో చేత్తో శాస్త్ర గ్రంథాల మెంటర్ నడిపినట్టే ఇదీ. వేగంగా కదిలే పుస్తకం మీద వచ్చిన డబ్బుతో, నిదానంగా కదిలే పుస్తకానికి చోటు చేయడం.

కామర్స్ చదివిన స్నాతకులకు ఇక్కడ ఒక లెక్క. ఒక పుస్తకానికి కంపోజింగు, ప్రూఫులు, అట్ట బొమ్మ కలిసి 20,000 రూపాయలు అయిందనుకోండి. వెయ్యి కాపీలు వేస్తే ఆ ఖర్చు కాపీకి 20 రూపాయలు. ఐదు వేలు వేస్తే 4 రూపాయలే. ధర తగ్గాలంటే కాపీలు పెరగాలి, కాపీలు అమ్ముడుపోవాలంటే ధర తగ్గాలి. ఏది ముందు? ధైర్యం చేసి ఐదు వేలు వేసినవాడు, అవి కదలకపోతే గోడౌన్‌లో చెదలకు అప్పగించాలి. ఎనోక్ అయినా, ఎం.ఎన్.రావుగారైనా ఈ లెక్క ముందు కూర్చుని ధైర్యం వైపే మొగ్గారు. ఇవాళ తెలుగులో చాలా పుస్తకాలు వెయ్యి కాపీలు, ఒక్కోసారి ఐదువందలే వేస్తున్నారు. అది బాధపడాల్సిన విషయం. రాసేవాళ్ళు తగ్గలేదు. కాలవలో పడవ ఎక్కడ ఆగుతుందో చూసేవాళ్ళు తగ్గారు.

బెజవాడ ఏలూరు రోడ్డు తెలుగు పుస్తకానికి పుట్టిల్లు లాంటిది. 1953లో మొదలైన విశాలాంధ్ర ప్రచురణాలయం సోవియట్ పుస్తకాలను, తెలుగు సాహిత్యాన్ని ఊళ్ళకు చేర్చింది. నవోదయ రామమోహనరావుగారు ముళ్ళపూడి వెంకటరమణ పుస్తకాలను బాపు బొమ్మలతో ముచ్చటగా అచ్చు వేశారు. 1989 నుంచి కొత్త సంవత్సరం రాగానే ఇక్కడ పుస్తక మహోత్సవం జరుగుతోంది. చాలా ఏళ్ళు స్వరాజ్య మైదానంలో దుమ్ము రేగుతుండగా తెలుగునేల నలుమూలల నుంచి జనం వచ్చి సంచులు నింపుకుని వెళ్ళారు.

మీలో ఇంజనీర్లున్నారు, లెక్కలు చదివినవారున్నారు, తెలుగు ఎం.ఏ. చేసినవారున్నారు. ప్రచురణ సంస్థకు ఈ ముగ్గురూ కావాలి. రాతప్రతి చదివి ఇది వేయాలి అని చెప్పగలిగినవారు, కాగితం బరువు, పోస్టు ఖర్చు లెక్క కట్టగలిగినవారు, ఫోనులో వినే పుస్తకాన్ని పొలం గట్టు మీద ఉన్నవారికి చేర్చగలిగినవారు. ఫోను ఇవాళ్టి పడవ. ఆకివీడులో ఆక్వా చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషికి ఎంత తీరిక ఉంటుందో ఆలోచించండి.

వచ్చే జనవరిలో పుస్తక మహోత్సవానికి చివరి రోజు సాయంత్రం వెళ్ళండి. జనం పలచబడ్డాక స్టాళ్ళలో మిగిలిన పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతుంటారు. సుతిలితాడు బిగించి కట్టలు కడుతూ పక్క స్టాలువారిని ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "ఈసారి ఏది బాగా కదిలింది?" ఒక పెట్టె మీద కూర్చుని, ఆ కట్టలు కట్టడంలో ఓ చెయ్యి వేసి, జవాబు వినండి.