పడవకు తగిన బండి

(జలాశయ తీరమున మత్స్యకారుల సహకార సంఘముల సభ్యుల సమావేశమందు చేసిన ప్రసంగము)



పడవను నేలమీద మోసికొని పోవుట మనకు క్రొత్త సంగతి కాదు. కృష్ణా, తుంగభద్రా తీరములందు మన పెద్దలు వెదురు బద్దలతో అల్లి తోలు కప్పిన పుట్టిని తలపై బోర్లించుకొని, ఒక మడుగునుండి మరియొక మడుగునకు నడచి పోయెడివారు. నీటిలో పుట్టి మనిషిని మోసెడిది. గట్టుపై మనిషి పుట్టిని మోసెడివాడు. ఉత్తర ధ్రువపు మంచు సీమలలో ఇన్యుట్ జాతివారు చట్రమునకు సీలు జంతువు తోలు కప్పి కట్టుకొనిన కాయక్ అను సన్నని పడవయు అట్టిదే. ఆ కాయక్ నేడు ప్లాస్టిక్ రూపము దాల్చి, అమెరికా మొదలగు దేశములలో వేడుకకై చేపలు పట్టువారికి ప్రియమైనది. వారు రెండు మూడు కాయక్‌లను చిన్న ట్రాలీపై కట్టి, కారు వెనుక తగిలించుకొని చెరువులకు పోవుదురు. వారికది విహారము. మనకు పడవ జీవనాధారము. అయినను వారి ట్రాలీకిని మన ట్రాలీకిని వర్తించు సూత్రములు ఒక్కటే. మా సంఘము ఒక ట్రాలీని పడవలకు అనువుగా మార్చుకొనినది. అందులో మేము చేసిన తప్పులను, నేర్చిన పాఠములను నేడు మీకు మనవి చేయుచున్నాము.

నీరు దూరమైన వేళ

శ్రీశైలము జలాశయపు నిండు మట్టము 885 అడుగులని మీరెరుగుదురు. నీటి వినియోగమునకు పెట్టుకొనిన కనీస మట్టము 854 అడుగులు. ఈ రెంటి నడుమ భేదము 31 అడుగులు మాత్రమే గదా యని తోచవచ్చును. కాని మన ఒడ్డున నేల వాలు మిక్కిలి తక్కువ. నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలియున్న నేలపై నీరు 31 అడుగులు దిగినచో, ఒడ్డు 3,100 అడుగులు వెనుకకు పోవును. అనగా అర మైలు దాటినదన్నమాట. ఏడాదిలో చాల నెలలు నీటిలో మునిగియుండు సంగమేశ్వరాలయము వేసవిలో బయటపడినపుడు భక్తులు సంతోషింతురు. ఆ రోజులలోనే మనము పడవలను భుజములపై మోయవలసివచ్చును.

మా ఫైబరు పడవ పొడవు 16 అడుగులు, బరువు సుమారు 120 కిలోలు. నలుగురు పట్టవలెను. బురద నేలపై ఒకని కాలు జారినచో తక్కిన ముగ్గురి నడుములకును ప్రమాదమే. మాలో ఒక పెద్దాయన "భుజములున్నంత కాలము బండి ఎందుకురా?" అనెడివారు. ఆయన కుమారుడు నడుము నొప్పితో పక్షము దినములు వేటకు రాలేకపోయిన పిదప ఆయనయే "బండి సంగతి చూడుడు" అనిరి.

మొదటి ప్రయాణము

ఆరంభమున మేము ధాన్యము తోలు ఇరుచక్రముల ట్రాలీని అద్దెకు తెచ్చితిమి. దాని తొట్టి పొడవు 10 అడుగులు. పడవ అమరము ఆరడుగులు వెనుకకు వ్రేలాడినది. దానికి ఎర్రగుడ్డ కట్టి, కొబ్బరి తాడుతో రెండు చుట్లు చుట్టి బయలుదేరితిమి. నాలుగు కిలోమీటర్ల మట్టిదారిలో బండి ఎగిరి ఎగిరి పడినది. గమ్యము చేరి చూడగా, తొట్టి అంచు తగిలినచోట పడవ అడుగున జానెడు బీట వారియున్నది. దానిని బాగుచేయించుటకు అయిన సొమ్ము అటుండనిండు. ఆ పడవపై బ్రతుకు రెండు కుటుంబములకు తొమ్మిది దినములు వేట లేదు. ఆ నష్టము తాడుదో, దారిదో కాదు, మా తెలియనితనముది. అందుచేత పడవకు తగిన బండిని చేయించుకొన నిశ్చయించితిమి.

ముందు అనుమతి

ఒక పాత చిన్న ట్రాలీని కొంటిమి. దానిపై చేయి వేయుటకు ముందే రవాణా శాఖ కార్యాలయమునకు పోయి విచారించితిమి. రిజిస్టరైన వాహనపు రూపమును ఇచ్చవచ్చినట్లు మార్చుటకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ఒప్పదు. మరియొక సంగతి. సరకు బండి హద్దు దాటి ముందుకో, వెనుకకో, ప్రక్కలకో పొడుచుకొని వచ్చినచో 2019 నాటి సవరణ చట్టము 20,000 రూపాయల జరిమానా విధించినది. ఎర్రగుడ్డ కట్టినంత మాత్రమున దోషము పోదు. రాత్రివేళ వెనుకనుండి మోటారు సైకిలుపై వచ్చువానికి ఆ గుడ్డ కనబడునా? పడవ పొడవునకు తగినట్లు బండి పొడవును పెంచుటయే సరియైన మార్గము. మేము చట్రమును పదహారున్నర అడుగులకు పెంచి, దానికి ముందు అయిదడుగుల నొగ పెట్టించితిమి. నొగ పొట్టిదైనచో మలుపులో ట్రాక్టరు చక్రము పడవ అణియమునకు తగులును. కావున దారి ఎక్కుటకు ముందు ఖాళీ బయలులో ఎడమకును కుడికిని పూర్తిగా త్రిప్పి చూచుకొనవలెను.

బరువు నిలుపుట

ఎద్దుబండి తోలినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. బరువు ముందునకు ఎక్కువైనచో ఎద్దుల మెడలు వంగును. వెనుకకు ఎక్కువైనచో కాడి పైకి లేచి మెడపట్టెలు బిగియును. ట్రాలీకిని ఇదే న్యాయము. వెనుక బరువు ఎక్కువైన ట్రాలీ వేగముగా పోవునపుడు తోక ఆడించినట్లు అటునిటు ఊగి, లాగు బండిని సయితము దారి తప్పించును. ముందు బరువు మితిమీరినచో లాగు బండి వెనుకభాగము క్రుంగి, ముందు చక్రములకు నేలపై పట్టు తగ్గును.

మొత్తము బరువులో నూటికి పది మొదలు పదునైదు పాళ్ళు నొగ కొనపై పడవలెను. మా ట్రాలీ 300 కిలోలు, రెండు పడవలు 240 కిలోలు, వెరసి 540. కనుక నొగ కొనపై 54 మొదలు 81 కిలోల వరకు ఉండవచ్చును. దీనిని చూచుట సులభము. చదునైన నేలపై పడవలనెక్కించి, చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, ధాన్యము తూచు కాటాపై నొగ కొనను నిలుపుడు. కొన ఎత్తు ట్రాక్టరు కొక్కెము ఎత్తుతో సమముగా ఉండవలెను. మాకు మొదట 38 కిలోలే తూగినది. మా ఇరుసునకును నొగ కొనకును నడుమ దూరము 15 అడుగులు. 240 కిలోల పడవలను ఒక అడుగు ముందునకు జరిపినచో కొనపై 16 కిలోలు పెరుగును. కాని మా చట్రమున ముందునకు జరుపుటకు చోటు లేదు. కావున ఇరుసునే కొంత వెనుకకు జరిపించితిమి. అప్పుడు 70 కిలోలు తూగినది. నాటినుండి బండి ఊగుట మానినది.

కమాను కట్టలు

మొదటి ప్రయాణమున బండి ఎందుకు ఎగిరినది? ధాన్యము ట్రాలీ కమాను కట్టలు టన్నుల బరువునకు చేసినవి. రెండు వందల కిలోల పడవలకు అవి వంగనైన వంగవు. గుంటలోని ప్రతి దెబ్బయు నేరుగా పడవకు తగులును. కావున అనుభవముగల మేస్త్రీచేత ప్రధాన పట్టీని ఉంచి, పైబడిన పట్టీలను కొన్ని తీయించితిమి. టైర్లలో గాలియు బరువునకు తగినంతయే పెట్టించుచున్నాము. గాలి మరీ తగ్గించినచో టైరు వేడెక్కి చెడును. టైరు చేసినవారు చెప్పిన హద్దును దాటరాదు.

పడవకు పరుపు

ఫైబరు పడవ బరువునకు ఓర్చును గాని ఒక్కచోట పడు పోటునకు ఓర్వదు. అందుచేత అడ్డముగా వేసిన ఇనుప కడ్డీపై దానిని నిలుపరాదు. ఒక్కొక్క పడవ క్రింద నడిమి గట్టుకు రెండు ప్రక్కలను, పదేసి అడుగుల కొయ్య దూలములను నిలువుగా అమర్చితిమి. పడవ అడుగు వాలునకు సరిపోవునట్లు వాటిని చెక్కించి, పైన కొబ్బరిపీచు పట్టాలను తొడిగితిమి. పట్టాలో ఇసుక చేరినచో అది ఆకురాయివలె పడవను గీయును. ప్రయాణమైన వెంటనే కడుగవలెను. మేకుల తలలు పైకి లేవకుండ చూచుకొనవలెను.

కట్టుటలో మెలకువ

కొబ్బరి తాడు తడిసినపుడు బిగిసి, ఎండినపుడు వదులగును. నైలాను తాడు తడిసినచో సాగును. కావున వెడల్పైన పట్టీలను వాడుట మేలు. పట్టీ గాలికి మ్రోగి అదరుచున్నచో ఒక మెలి వేయుడు, అదురు తగ్గును. నడుమ రెండు పట్టీలు చాలవు. అణియమునుండి ఒక తాడు, అమరమునుండి ఒక తాడు చట్రమునకు కట్టినగాని బ్రేకు వేసినపుడు పడవ ముందుకు జారకుండ నిలువదు. బిగింపు గట్టిగా ఉండవలెను గాని పడవ ప్రక్కలు లోపలికి నొక్కుకొనునంతగా ఉండరాదు. రెండు మూడు కిలోమీటర్లు పోయిన పిదప తప్పక ఆగి, పట్టీలను, చక్రపు నట్లను చేతితో తడవి చూడుడు.

కొక్కెమునకు పిన్ను, ఆ పిన్ను ఊడకుండ క్లిప్పు ఉండవలెను. వీటికి తోడు రెండు గొలుసులు నొగ క్రిందుగా ఒకదానిపై నొకటి పోవునట్లు తగిలింపుడు. కొక్కెము ఊడినను నొగ నేలను పొడువక ఆ గొలుసులపై పడును. వెనుక రెండు ఎర్రదీపములు, మలుపు దీపములు, వెలుతురును తిప్పికొట్టు ఎర్ర బిళ్ళలు ఉండవలెను. దీపపు తీగలలో నేల తీగను కొక్కెము ఇనుముపై వదలక వేరుగా లాగింపుడు. తుప్పు పట్టిన కొక్కెము కరెంటును సరిగా అందనీయదు.

నీటి అంచున

దూరము వచ్చిన బండి హబ్బులు వేడిగా నుండును. వాటిని వెంటనే నీటిలో ముంచినచో లోని గాలి చల్లబడి కుంచించుకొని, నీటిని లోనికి పీల్చును. గ్రీజు చెడి బేరింగులు తుప్పు పట్టును. కొంతసేపు ఆగుడు, సాధ్యమైనంతవరకు హబ్బు మునుగకుండ నీటి అంచుననే నిలిపి పడవను జార్చుడు. బురద ఉన్నచోట ట్రాక్టరును గట్టినేలపైననే ఉంచి, మోకుతో ట్రాలీని మెల్లగా వదలుట క్షేమము. మోకు బిగిసియున్నంతసేపు దాని దాపున ఎవ్వరును నిలువరాదు. పిల్లలను దూరముగా ఉంచవలెను.

వెనుకకు నడుపునపుడు క్రొత్తవారు తడబడుదురు. ట్రాలీ తోక ఎటు పోవలెనో, స్టీరింగు చక్రపు అడుగుభాగమును అటు త్రిప్పుడు. ఒక సాయంకాలము ఖాళీ బండితో అభ్యసించినచో చేతికి వచ్చును.

ఇసుక బేరము

తుదకొక మాట. బండి సిద్ధమైన రెండవ నెలలో ఒక గుత్తేదారు ఇసుక తోలుటకు దానిని అద్దెకడిగెను. ఖాళీ దినములలో సంఘమునకు ఆదాయము వచ్చునని కొందరు, వలదని కొందరు వాదులాడిరి. మాటలు పెరిగి సమావేశము రెండుగా చీలునట్లయ్యెను. అప్పుడు పట్టీలు తీసిన మేస్త్రీయే లేచి, "ఈ బండి ఇప్పుడు ధాన్యపు ట్రాలీ కాదు. దీనిపై ఇసుక వేసినచో మిగిలిన పట్టీ విరుగును. అది దారిలో విరిగినచో మనిషి పోవును" అని చెప్పెను. తొమ్మిది దినములు వేట లేక కూర్చున్న రెండు కుటుంబములవారును ఆయన పక్షమున నిలిచిరి. నాడే బండి ప్రక్కపలకపై "పడవలకు మాత్రమే" అని తెల్లరంగుతో వ్రాయించితిమి. ఆ అక్షరములు నేటికిని చెరుగలేదు.

ఇప్పుడు ఇద్దరు మనుష్యులు అరగంటలో రెండు పడవలను నీటికి చేర్చుచున్నారు. వేటనుండి వచ్చిన చేప మంచు కరుగకముందే దారికెక్కుచున్నది. సంతకు పోవు మన ఆడపడుచులకు ప్రొద్దు కలిసివచ్చుచున్నది. నాడు బండి ఎందుకన్న పెద్దాయనయే నేడు ప్రతి ఉదయము చక్రపు నట్లను తడవి చూచి గాని బండిని కదలనీయరు.

మీరును ఇట్టి బండిని తలపెట్టినచో, మా ఊరికి వచ్చి చూడుడు. కొలతలు తీసికొనుడు. మా తప్పులను కూడ అడిగి తెలిసికొనుడు. వాటి మూల్యము మేము చెల్లించియున్నాము. మరల మీరు చెల్లింపనక్కరలేదు.

సెలవు.