ఎనిమిదో రోజు

(సెలవుల్లో ఏడు రోజుల సేవా శిబిరం కోసం గురుబరపల్లికి వచ్చిన కాలేజీ విద్యార్థులతో, మొదటి సాయంత్రం ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



సెలవులు రాగానే ఇంటికి పోవాలని, అమ్మ చేతి వంట తినాలని, పొద్దెక్కేదాకా పడుకోవాలని ఎవరికైనా ఉంటుంది. మీరు అవన్నీ వదులుకుని, చాప, దుప్పటి సర్దుకుని ఇక్కడికి వచ్చారు. ఈ బడి గదుల్లో నేల మీద పడుకోబోతున్నారు. అందుకు ముందుగా మీకు నా కృతజ్ఞతలు.

నేను ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. ఇలాంటి క్యాంపులు చాలా చూశాను. మొదటి రోజు హుషారు చూశాను. ఏడో రోజు వీడ్కోలు కన్నీళ్ళు చూశాను. మీలాంటి పిల్లలకు చూసే వీలు లేనిది ఒకటి కూడా చూశాను. అది ఎనిమిదో రోజు. మీ బస్సు వెళ్ళిపోయాక ఊళ్ళో ఏం మిగులుతుంది, జనం ఏమనుకుంటారు అన్నది. ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

ముందు నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేనూ కాలేజీలో చదివే రోజుల్లో ఒక క్యాంపుకు పోయాను. నలభై ఏళ్ళు దాటింది. ఆ ఊరి పేరు ఇప్పుడు వద్దులెండి. ఊరి పెద్దలు మా దగ్గరికి వచ్చి, "మెయిన్ రోడ్డు నుంచి ఊళ్ళోకి వచ్చే దారి ఎత్తు చేయండి, వానకాలం బురదవుతోంది" అన్నారు. చేశాం. గంపలతో మట్టి మోశాం. చేతులు బొబ్బలెక్కాయి. చివరి రోజు మేళం పెట్టి మాకు దండలు వేశారు. ఫోటో తీశారు. ఆ ఫోటో చాలా ఏళ్ళు మా ఇంటి గోడకు ఉండేది.

మరుసటి ఏడాది వానల తర్వాత ఏదో పని మీద ఆ ఊరికి మళ్ళీ పోయాను. మేము వేసిన దారి గట్టిగానే ఉంది. ఆ దారికి ఒక పక్క చెరువు, ఇంకో పక్క కాలనీ. మునుపు వాన నీళ్ళు కాలనీ పక్కగా పారి, దారి దాటి చెరువులోకి పోయేవి. మేము దారి ఎత్తు చేశాం, కింద నీళ్ళు పోయేందుకు ఒక గొట్టం కూడా పెట్టలేదు. నీళ్ళు నిలబడి కాలనీ ఇళ్ళలోకి వచ్చాయి. రెండు ఇళ్ళ మట్టి గోడలు కూలి ఉన్నాయి. అక్కడ ఒక అవ్వ నన్ను గుర్తుపట్టింది. కోపపడుతుందేమో అనుకున్నాను. కోపపడలేదు. "మీరు మంచి పిల్లోళ్ళే నాయనా, కష్టపడినారు. మమ్మల్ని ఒక మాట అడిగుంటే నీళ్ళు యాడ పారతాయో చెప్పుండేవాళ్ళం" అంది.

తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. ఇంటికి పోయి ఆ ఫోటో తీసేశాను.

మేము ఎవరినీ అడగలేదని కాదు, ఊరి పెద్దలను అడిగాం. కాలనీని అడగలేదు. మా ఏడు రోజుల్లో ఒక్క రోజు కూడా కాలనీలోకి అడుగు పెట్టలేదు. బైబిలు చదువుకున్నవాణ్ణి, ఆదివారం బడిలో పాటలు పాడినవాణ్ణి, నాకు కూడా ఆ ఆలోచన రాలేదు. మన దేశంలో సేవ ఎక్కడ దారి తప్పుతుందో ఆ రోజు నాకు అర్థమైంది. మనసు మంచిదైనంత మాత్రాన పని మంచిది కాదు. ఎవరిని అడిగాం, ఎవరిని వదిలేశాం అన్న దాన్ని బట్టి మన చెమట ఒకరికి దారి అవుతుంది, ఇంకొకరికి వరద అవుతుంది.

ఇలా సెలవుల్లో పల్లెలకు పోయే పద్ధతి మన దేశంలో కొత్తది కాదు. గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో దాదాపు 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. మనం ఎన్.ఎస్.ఎస్. అంటున్నది అదే. రెండేళ్ళలో 240 గంటల సేవ, దానితో పాటు ఒక ఊళ్ళో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అన్నది దాని పద్ధతి. "నేను కాదు, నీవు" అన్నది దాని నినాదం. చాలా మంచి మాట. అయితే ఆ 'నీవు' ఎవరు, అతనికి ఏం కావాలి అన్నది అతన్ని అడిగితేనే తెలుస్తుంది. అడగకుండా చేస్తే నినాదం 'నీవు' అంటుంది, పని మాత్రం 'నేను' అనే అంటుంది.

ఇంకొంచెం వెనక్కి పోదాం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని వెర్డన్ చుట్టుపక్కల ఊళ్ళు నేలమట్టమయ్యాయి. 1920లో పియర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవుడు కొందరు యువకులను వెంటబెట్టుకుని అక్కడ ఒక ఊళ్ళో ఇళ్ళు, దారులు బాగు చేసే పని మొదలుపెట్టాడు. ఆ గుంపులో జర్మన్లు కూడా ఉన్నారు. నిన్నటి శత్రువులు చెయ్యి కలిపితే గాయాలు మానుతాయని ఆయన నమ్మకం. అక్కడి మనసుల్లో యుద్ధపు చేదు ఇంకా పోలేదు. కొద్ది నెలల్లోనే ఆ పని ఆగిపోయింది. ఆయన మాత్రం ఆగలేదు. 1934లో బీహారులో పెద్ద భూకంపం వచ్చినప్పుడు మన దేశానికి వచ్చాడు. వచ్చి ఒక్కసారికే వెళ్ళిపోలేదు. 1937 దాకా మళ్ళీ మళ్ళీ వచ్చి, అక్కడివాళ్ళతో కలిసి ఇళ్ళు లేనివాళ్ళకు ఊళ్ళు కట్టించే పనిలో నిలబడ్డాడు. ప్రపంచమంతా ఇప్పుడు చూస్తున్న సేవా శిబిరాలకు ఆయన వేసిన బాట కూడా ఒకటి. ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది మళ్ళీ రావడం.

ఇక లేఖనాల దగ్గరికి వస్తాను. నెహెమ్యా కథ మీకు తెలుసు. యెరూషలేము గోడలు కూలిపోయాయని విని, రాజు దగ్గర సెలవు తీసుకుని వచ్చాడు. ఆయనదీ ఒక రకంగా సెలవు పెట్టి చేసిన సేవే! వచ్చీ రాగానే ఏం చేశాడు? మూడు రోజులు ఊరుకున్నాడు. తర్వాత రాత్రిపూట కొద్దిమందితో బయలుదేరి, ఏ గుమ్మం కాలిపోయింది, ఏ గోడ ఎక్కడ పడింది అని తిరిగి చూశాడు. చూసిన తర్వాతనే జనాన్ని పిలిచి మాట్లాడాడు. మాట్లాడినప్పుడు కూడా మీ కష్టం అనలేదు, మన కష్టం అన్నాడు. ఆ తర్వాత గోడ కట్టింది ఎవరు? మూడో అధ్యాయం తీసి చూడండి. చాలామంది తమ తమ ఇళ్ళకు ఎదురుగా ఉన్న భాగాన్ని తామే కట్టుకున్నారు. బయటినుంచి వచ్చినవాడు చూశాడు, పిలిచాడు, కలిసి నిలబడ్డాడు. ఊరివాళ్ళ చేతుల్లోంచి పని లాక్కోలేదు.

మన ప్రభువు కూడా అంతే. యెరికో దగ్గర గుడ్డివాడు కేకలు వేస్తుంటే, అతనికి ఏం కావాలో ఆయనకు తెలియదా? తెలుసు. అయినా, నీకు నేనేం చేయాలి అని అడిగాడు. అలా అడగడంలోనే అతనికి గౌరవం ఇచ్చాడు.

ఇప్పుడు ఈ ప్రాంతం గురించి ఒక సంగతి చెబుతాను. మీ పనికి వస్తుంది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో చాలా ఊళ్ళలో భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. నల్లగొండ కష్టం తెలుగువాళ్ళందరికీ తెలుసు. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది కూడా తెలుగు నేలమీదనే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. దానికి రంగు లేదు, రుచి లేదు. కాచినా పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. చిన్న పిల్లల పళ్ళమీద గోధుమ రంగు మచ్చలు వస్తాయి. ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి. వచ్చిన తర్వాత పోగొట్టే మందు లేదు. మంచి నీళ్ళు ఇవ్వడమే దారి. అందుకే జపాన్ రుణంతో కావేరి నీళ్ళు తెచ్చే హొగెనకల్ పథకం కట్టారు. 2013లో మొదలైంది. ఆ పథకం పేరులోనే ఫ్లోరోసిస్ తగ్గించడం అన్న మాట ఉంది.

మరి మీరు రేపు పోయే వీధిలో ఏ కొళాయిలో కావేరి నీళ్ళు వస్తున్నాయి, ఏ కొళాయిలో బోరు నీళ్ళు వస్తున్నాయి? కాలనీ చివరి ఇంటికి ఏవి అందుతున్నాయి? ఎన్ని రోజులకు ఒకసారి? తాగడానికి ఏవి, వంటకు ఏవి? ఇది గోడకు రంగు వేయడం లాంటి పని కాదు, ఫోటోకు అందంగా ఉండదు. ఇంటింటికీ పోయి కూర్చుని అడిగి రాసుకోవాలి. బోరు నీళ్ళను శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, ఏ బోరుదో, ఏ తేదీన పట్టారో చీటీ అంటించి, తాగునీటి బోర్డు ప్రయోగశాలకు పంపాలి. పిల్లల పళ్ళు చూసి మీరే జబ్బు తేల్చవద్దు, ఎవరినీ భయపెట్టవద్దు. మచ్చలకు వేరే కారణాలు కూడా ఉంటాయి. అది డాక్టరు చెప్పాలి.

ఫలితం వచ్చాక దాన్ని మీ కాలేజీ రిపోర్టులో పెట్టి మరిచిపోకండి. తమిళంలో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఆ వీధివాళ్ళ చేతికే ఇవ్వండి. తమిళనాడులో ఏడాదికి ఆరుసార్లు గ్రామసభ జరుగుతుంది: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. అందులో మార్చి 22 నీటి దినోత్సవమే. ఆ సభలో మీరు మాట్లాడవద్దు. కాలనీ ఆడవాళ్ళు ఆ కాగితం పట్టుకుని లేచి మాట్లాడాలి. దానధర్మం అయితే మీరు ఒక నీళ్ళ ట్యాంకరు తెచ్చి పోస్తారు. న్యాయం అయితే రావలసిన నీళ్ళను వాళ్ళే అడిగి రప్పించుకుంటారు. మనం ఆ రెండోదాని కోసం వచ్చాం.

ఇంకో మాట. ఈ ప్రాంతంలో ఇళ్ళలో తెలుగు, బడిలో తమిళం, బజారులో రెండూ, దానితో పాటు కన్నడం, ఉర్దూ. 2006లో వచ్చిన చట్టంతో తమిళం ఒక్కో తరగతికి తప్పనిసరి అవుతూ, 2016 నాటికి పదో తరగతి పరీక్ష దాకా వచ్చింది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు ఆ మార్పుతో ఎంత సతమతమయ్యారో నేను కళ్ళారా చూశాను. ఈనాటి పిల్లలకు తమిళం వస్తుంది. అవ్వలకు రాదు. పింఛను కాగితం ఏముందో, మందుల చీటీ మీద ఏం రాశారో వాళ్ళకు తెలియదు. మీలో తెలుగు, తమిళం రెండూ వచ్చినవాళ్ళు చేయి ఎత్తండి. చూశారా, ఇంతమంది! పార పట్టుకోవడం ఊరివాళ్ళకు మీకన్నా బాగా వచ్చు. ఆ కాగితం చదివి అర్థం చెప్పడం మీకు వచ్చు. మీ దగ్గర ఉన్నది, వాళ్ళకు కావలసింది ఎక్కడ కలుస్తాయో అక్కడ పని చేయండి.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి, తప్పుగా అనుకోకండి. అడగకుండా ఎవరి ఫోటో తీయవద్దు. చిరిగిన చొక్కా వేసుకున్న పిల్లవాడిది అసలే వద్దు, వాడు రేపు పెద్దవాడై ఆ ఫోటో చూసుకుంటాడు. కాలనీలో మంచినీళ్ళు, టీ ఇస్తే తీసుకోండి. ఎక్కడ తాగుతారు, ఎక్కడ తాగరు అన్నది ఊరంతా గమనిస్తుంది. మన సేవను మతానికి ఎరగా ఎప్పుడూ వాడవద్దు. వేరే దేవుణ్ణి మొక్కే ఇంటికి కూడా మంచి నీళ్ళు అంతే అవసరం. మీరు ఎవరి పిల్లలో మీ నడత చెబుతుంది.

చివరగా మంచి సమరయుడు. దారిలో గాయపడినవాణ్ణి చూసి ఆగాడని, కట్టు కట్టాడని, తన వాహనం మీద ఎక్కించాడని మనం ఎన్నోసార్లు విన్నాం. అందరం అక్కడ ఆపేస్తాం. ఆయన సత్రంవాడికి డబ్బిచ్చి చెప్పిన మాట ఒకటుంది. ఇంకా ఖర్చయితే నేను తిరిగి వచ్చినప్పుడు ఇస్తాను అన్నాడు. తిరిగి వచ్చినప్పుడు! ఆయన ఎనిమిదో రోజును మరిచిపోలేదు. తాను లేనప్పుడు గాయపడినవాణ్ణి ఎవరు చూస్తారో ఏర్పాటు చేశాడు, మళ్ళీ వస్తానని మాట ఇచ్చాడు.

అందుకే మీ దగ్గర రెండే కోరుతున్నాను. రేపు, ఎల్లుండి పార ముట్టుకోకండి. చూడండి, అడగండి, మొదట కాలనీలో అడగండి. పోయే రోజున, మళ్ళీ ఎప్పుడు వస్తారో తేదీ చెప్పి పోండి. అందరూ రానక్కరలేదు. ఇద్దరు వచ్చినా చాలు. ఆ నీళ్ళ కాగితం ఏమైంది అని అడగడానికి రండి.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమెకు క్షమాపణ చెప్పుకునే అవకాశం నేను పోగొట్టుకున్నాను. మీరు అడగవలసిన అవ్వలు మాత్రం ఈ వీధుల్లోనే ఉన్నారు. పొద్దున్నే లేచి బిందెలు పట్టుకుని కొళాయి దగ్గర నిలబడతారు. రేపు మీరు కూడా తొందరగా లేచి వాళ్ళ పక్కన వెళ్ళి నిలబడండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక.