వనభోజనాల వేళ స్క్రబ్ టైఫస్

పశువుల చెవుల్లో పట్టే పిడుదుకు దగ్గరి చుట్టం, కంటికి ఆనీ ఆనని ఒక నల్లి పిల్ల. స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని మోసుకొచ్చేది ఇదే; మంచాల్లోని నల్లి కాదు. మండపేట చుట్టుపక్కల చేలగట్లు, కాలువ ఒడ్డు పొదలు, కొబ్బరితోటల్లో ఎలుకలు తిరిగే గడ్డి దీనికి అనువైన చోట్లు. వానలు వెనకబట్టాక, సరిగ్గా కార్తీక వనభోజనాల రోజుల్లోనే దీని బెడద ఎక్కువ.

కుట్టిన 6 నుంచి 21 రోజుల్లోపు చలిజ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. నొప్పీ దురదా ఉండవు గనుక చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర వెతికితేనే దొరుకుతుంది; కొందరిలో అసలు కనిపించదు. డాక్టరు సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుకే సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినవచ్చు. ఇంత సులువుగా లొంగే జబ్బుకు ప్రాణాలు పోవడం ఎంతో బాధాకరం.

మనిషి నుంచి మనిషికి ఇది అంటదు. టీకా లేదు. తోటకు వెళ్లేటప్పుడు ఒళ్లంతా కప్పే బట్టలు, బూట్లు వేసుకోవాలి. గడ్డి మీద నేరుగా కూర్చోకుండా పట్టా పరుచుకోవాలి. ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, విడిచిన బట్టలను వేడినీళ్లలో ఉతకాలి.