గేటు దాకా దారి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

‘మన ప్రాంత అభివృద్ధిలో అందరికీ వాటా’ అన్న విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పై ఏళ్లుగా కన్వేయర్ బెల్టుల చుట్టూ తిరిగిన మెయింటెనెన్స్ ఇంజనీర్ని. కాబట్టి నేను చూసిందే చెబుతాను. అది గాజువాకలో మన బడి నుంచే మొదలవుతుంది.

మాది 1986 పదో తరగతి బ్యాచి. మా క్లాసులో మూడు రకాల పిల్లలం ఉండేవాళ్లం. పోర్టులోనో, షిప్‌యార్డులోనో, కొత్తగా కడుతున్న స్టీల్ ప్లాంటులోనో పని కోసం వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల పిల్లలు కొందరు. నేను ఆ కోవకు చెందినవాణ్ణి, మా నాన్నగారిది శ్రీకాకుళం వైపు. ప్లాంటుకు భూములిచ్చి నిర్వాసిత కాలనీలకు చేరినవాళ్ల పిల్లలు ఇంకొందరు. గంగవరం వైపు నుంచి వచ్చే మత్స్యకారుల పిల్లలు మరికొందరు. మధ్యాహ్నం క్యారేజీ మూతలు తీస్తే ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలిసిపోయేది. లెక్కల మాస్టారి బెత్తం ముందు మాత్రం అందరం సమానమే!

ఈ ఊరి కథ మీకు తెలియనిది కాదు. 1933లో పోర్టు ప్రారంభమైంది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ రాష్ట్రమంతా కదిలింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్లాంటును ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. హక్కు ఆంధ్రులందరిదీ. భూమి ఇచ్చింది మాత్రం 64 గ్రామాలు. సుమారు 22 వేల ఎకరాలు. 16 వేలకు పైగా కుటుంబాలకు ‘ఆర్ కార్డు’లు ఇచ్చారు. కార్డుకు ఒక ఉద్యోగం అన్నది ఆశ. ఉద్యోగాలు వచ్చింది దాదాపు సగం మందికే. తర్వాత 2009లో గంగవరంలో కొత్త పోర్టు పనిచేయడం మొదలైంది. తరతరాలుగా పడవలు నిలుపుకున్న రేవు అక్కడి మత్స్యకారులకు దూరమైంది.

నా బెంచి మీద నా పక్కనే కూర్చున్నవాడు ఒక నిర్వాసిత కుటుంబం పిల్లవాడు. పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నాడు. లెక్కల్లో నాకంటే చురుకు. వాళ్ల ఇంట్లో కార్డు ఒకటి, అన్నదమ్ములు ముగ్గురు. పొలం పోయింది, పరిహారం సొమ్ము కరిగిపోయింది. వాడు పదో తరగతితో చదువు ఆపి ఒక కాంట్రాక్టరు దగ్గర పనిలో చేరాడు. నేను ఇంజనీరింగు చదివాను. అప్పట్లో ఐటీఐ కోసమో, పాలిటెక్నిక్ కోసమో కంచరపాలెం వెళ్లి దరఖాస్తు పెట్టమని వాడికి చెప్పినవాళ్లు లేరు. నాకు మా నాన్నగారు చెప్పారు. మా ఇద్దరి మధ్య తేడా అంతే.

ఇక నా తప్పు చెబుతాను. 2014లో నేను ఒక ప్రైవేటు సంస్థలో మెయింటెనెన్స్ విభాగం చూసేవాణ్ణి. ట్రైనీల కోసం వచ్చిన దరఖాస్తుల్లో మెకానికల్ డిప్లొమా చేసిన ఒక అమ్మాయిది ఉంది. మార్కులు బాగున్నాయి. పిలిచి మాట్లాడకుండానే దాని మీద ‘షిఫ్టులకు కుదరదు’ అని రాసి పక్కన పెట్టాను. అసలు కారణం ఆ అమ్మాయి కాదు. మా విభాగంలో ఆడవాళ్లకు టాయిలెట్ లేదు, బట్టలు మార్చుకునే గది లేదు. అవి కట్టించమని అడగడానికి నాకు బద్ధకం.

రెండేళ్ల తర్వాత ఇలాంటి ఒక కలయికలోనే నా మిత్రుడు ఆ అమ్మాయి తన కూతురని చెప్పాడు. అరవలేదు, నిష్ఠూరమాడలేదు. ‘ఒరేయ్, వస్తావా అని ఒక్కసారి అడిగుంటే చెప్పేది కదరా’ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ అమ్మాయి వేరే చోట ఉద్యోగం చూసుకుని నిలబడింది. అందులో నా గొప్పతనమేమీ లేదు.

బెల్టు ఒక పక్కకు జరిగిపోతుంటే కొత్త కుర్రాళ్లు రోలర్లు సవరిస్తూ కూర్చుంటారు. అనుభవం ఉన్నవాడు ముందు చ్యూట్ దగ్గరికి వెళ్తాడు. సరుకు మధ్యలో పడుతోందా, ఒక పక్కనే పడుతోందా అని చూస్తాడు. పడేచోటు సరిచేస్తే బెల్టు దారికి వస్తుంది. ‘అందరికీ గేటు తెరిచాం, వాళ్లే రాలేదు’ అని మనం అంటుంటాం. అది బెల్టును తిట్టడం లాంటిది. గేటు దాకా దారి ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది ముందు చూడాలి.

మన సంఘం స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలని చర్చ జరుగుతోంది. ఆర్చి కట్టండి, కాదనను. దానితో పాటు మూడు పనులు అడుగుతున్నాను.

మొదటిది, నిర్వాసిత కాలనీల్లో, మత్స్యకార గ్రామాల్లో పదో తరగతి పిల్లల ఇళ్లకు ఏటా వేసవిలో మనమే వెళ్దాం. ఏ కోర్సుకు ఎక్కడ దరఖాస్తు పెట్టాలో తల్లిదండ్రులకు కూర్చుని చెబుదాం. ఫీజు అడ్డమైతే నిధి నుంచి కడదాం.

రెండోది, మనలో ఆటోనగర్‌లో యూనిట్లు నడిపేవాళ్లు, పరవాడ ఫార్మా కంపెనీల్లో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు ఉన్నారు. ఏటా కొందరు అప్రెంటిస్‌లను ఈ ఊళ్ల నుంచి తీసుకోండి, వారిలో అమ్మాయిలు ఉండేలా చూడండి. ముందు టాయిలెట్ కట్టండి, రాత్రి షిఫ్టుకు వాహనం పెట్టండి, ఆ తర్వాత దరఖాస్తులు పిలవండి. వరస తప్పితే నేను చేసిన పనే మీరూ చేస్తారు.

మూడోది, మన కింద పనిచేసే కాంట్రాక్టు కార్మికుల పీఎఫ్, ఈఎస్ఐ నిజంగా కడుతున్నారో లేదో బిల్లు మీద సంతకం పెట్టే ముందు చూడండి. ఆ సంతకాలు పెట్టేది మనమే. ఆ కార్మికుల్లో మన క్లాసువాళ్లు ఉన్నారు.

మొదటి పనికి కాలనీల జాబితా తయారు చేసే బాధ్యత నా మిత్రుడు తీసుకున్నాడు. ఏ ఇంట్లో ఎవరు చదువుతున్నారో వాడికి తెలుసు. వాడితో పాటు ఇంటింటికీ తిరగడానికి నేను పేరు ఇచ్చాను. సభ అయ్యాక వాడు తలుపు దగ్గర నోటుబుక్కు పట్టుకుని నిలబడతాడు. భోజనాలకు వెళ్లే ముందు మీ పేర్లు కూడా రాయించండి.